గోకే కుక్కలన్నీ గజ్జికుక్కలు కావు

ధవళేశ్వరంలో బ్యారేజి మీదుగా గాని, కాలువ గట్ల వెంట గాని సాయంకాలం పూట నడిచి వెళితే కుక్కలు కనిపించకుండా ఉండవు. వాటిలో ఒకటి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కూలబడి, వెనక కాలితో చెవి వెనక టకటకా గోక్కుంటుంది. మరొకటి ముందుకాలి వేళ్ళ సందుల్ని అదే పనిగా నాకుతూ ఉంటుంది. ఒంటిమీద అక్కడక్కడ బొచ్చు ఊడి, చర్మం ఎర్రబారో నల్లబడో ఉంటుంది. దాన్ని చూడగానే మన నోట వచ్చే మాట ఒకటే: "గజ్జికుక్క!"

ఈ మాట మన భాషలో తిట్టు కూడా అయింది. మనిషిని తిడితే కాసేపు బాధపడి ఊరుకుంటాడు. కాని కుక్కకి ఆ పేరు పడితే దాని బతుకే మారిపోతుంది. నిన్నటిదాకా వీధి అరుగు మీద పడుకున్నదాన్ని ఇవాళ గుమ్మం దగ్గరికి రానివ్వరు. పిల్లల్ని ముట్టుకోనివ్వరు. కొన్నాళ్ళకి ఊరవతల ఎక్కడో వదిలేసి వస్తారు.

కాని గోక్కునే ప్రతి కుక్కకీ గజ్జి ఉండదు. చాలా వాటికి ఉండేది ఎలర్జీ. ఎలర్జీ అంటువ్యాధి కాదు. అది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి గాని, కుక్క నుంచి మనకి గాని అంటుకోదు. పూర్తిగా పోకపోయినా దాన్ని అదుపులో పెట్టవచ్చు. అందుకు ముఖ్యంగా కావలసినవి ఓపిక, ఒక నోటుబుక్కు, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూసే పద్ధతి. ఈ పద్ధతి మీ సైన్సు పాఠాల్లో ఉన్నదే. దాన్ని మీ ఇంటి కుక్క విషయంలో ఎలా వాడవచ్చో చూద్దాం.

నెప్ట్యూన్ అనే కుక్క కథ

ఎలర్జీ గురించి మనుషులకి తెలిసిన తొలి పాఠాల్లో ఒకటి కుక్కల వల్లనే తెలిసింది. ఫ్రాన్సులో చార్లెస్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉండేవారు. 1901 లో వారు మొనాకో రాజు ఓడలో సముద్రయానం చేస్తూ జెల్లీచేప లాంటి ఒక సముద్ర జీవి విషాన్ని పరీక్షించారు. పారిస్‌కి తిరిగి వచ్చాక, సముద్రంలో పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే జంతువు విషంతో ఆ పని కొనసాగించారు.

1902 లో నెప్ట్యూన్ అనే బలమైన కుక్కకి ఆ విషాన్ని చాలా కొద్దిగా ఇచ్చారు. దానికి పెద్దగా ఏమీ కాలేదు. 22 రోజుల తర్వాత, కుక్క ఆరోగ్యంగా ఉండగా, అంతే మోతాదు మళ్ళీ ఇచ్చారు. ఒకసారి తట్టుకున్నది కాబట్టి రెండోసారి ఇంకా తేలిగ్గా తట్టుకోవాలి కదా! కాని జరిగింది వేరు. కొన్ని క్షణాల్లోనే కుక్కకి ఊపిరి అందలేదు. నిలబడలేక పడిపోయి, 25 నిమిషాల్లో చనిపోయింది.

విషం పెరగలేదు. కుక్క శరీరం మారింది. మొదటిసారి వచ్చిన పదార్థాన్ని శరీరం గుర్తు పెట్టుకుని, రెండోసారి దాని మీద విపరీతంగా విరుచుకుపడింది. ఆ విరుచుకుపడటమే ప్రాణం తీసింది. ఈ పరిశోధనకి రిషేకి 1913 లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈలోగా 1906 లో వియన్నాలోని పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, శరీరం ఇలా మారిన తీరులో స్పందించడానికి "ఎలర్జీ" అని పేరు పెట్టాడు.

నెప్ట్యూన్‌కి వచ్చినంత తీవ్రమైన ఎలర్జీ అరుదు. మన చుట్టూ ఉన్న కుక్కల్లో కనిపించేది నెమ్మదిగా, నెలల తరబడి సాగే రకం. కాని రెండింటిలోనూ మూలసూత్రం ఒకటే: ఎలర్జీ రావాలంటే శరీరానికి ఆ పదార్థంతో ముందే పరిచయం ఉండాలి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తిండి గురించి చెప్పుకునేటప్పుడు దీనితో పని పడుతుంది.

కాపలాదారు పొరపాటు

మీ కుక్క దొంగని చూసి మొరిగితే మెచ్చుకుంటారు. పోస్టుమానుని చూసి కూడా అలాగే మొరిగి మీద పడితే? కాపలా గుణం మంచిదే. మనిషిని పోల్చుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఎలర్జీ అంటే శరీరంలోని కాపలా వ్యవస్థ ఇలా పొరపడటమే.

మనకైనా కుక్కకైనా రోగక్రిములు లోపలికి వస్తే శరీరం వాటిని పట్టుకోవడానికి ప్రతిరక్షకాలు అనే మాంసకృత్తులను తయారు చేస్తుంది. వాటిలో ఒక రకం పేరు ఐజీ-ఇ. జపాను దేశస్థులైన ఇషిజాకా దంపతులు అమెరికాలో పనిచేస్తూ 1966 లో దీన్ని కనిపెట్టారు. దాదాపు అదే కాలంలో స్వీడన్ శాస్త్రజ్ఞులు కూడా దీన్ని గుర్తించారు.

ఎలర్జీ ఉన్న కుక్కలో ఈ ఐజీ-ఇ, క్రిముల మీద కాకుండా పుప్పొడి లాంటి అమాయకపు పదార్థాల మీద తయారవుతుంది. అది చర్మంలోని మాస్ట్ కణాలనే వాటికి అతుక్కుని కాచుకుని ఉంటుంది. ఒక్కొక్క మాస్ట్ కణం మందుగుండు నింపిన సంచి లాంటిది. మళ్ళీ అదే పుప్పొడి వచ్చి తగిలిందా, సంచి పగిలి హిస్టమిన్ మొదలైన రసాయనాలు బయటపడతాయి. రక్తనాళాలు ఉబ్బుతాయి, చర్మం ఎర్రబడుతుంది, దురద పుడుతుంది. కుక్క ఎలర్జీలో హిస్టమిన్ ఒక్కటే కాదు, దురదని పుట్టించే వేరే రసాయనాలు కూడా ఉన్నాయి. మనుషులు జలుబుకీ దద్దుర్లకీ వేసుకునే మాత్రలు చాలా కుక్కల మీద అంతగా పని చేయకపోవడానికి అది ఒక కారణం.

మనకి తుమ్ము, దానికి దురద

మనిషికి పుప్పొడి పడకపోతే ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి, కొందరికి ఆయాసం వస్తుంది. కుక్కకి అదే పుప్పొడి పడకపోతే ముఖ్యంగా చర్మమే బాధపడుతుంది. మన చర్మం పైపొర కంటే కుక్క చర్మం పైపొర పల్చన. ఎలర్జీ ఉన్న కుక్కలో ఆ పొర ఇంకా బలహీనం. గచ్చులోంచి నీరు చెమ్మగిలినట్టు పరాయి పదార్థాలు అందులోంచి లోపలికి దిగుతాయి.

అందుకే దురద ఎక్కడ ఉందో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. కాలి వేళ్ళ సందులు, ముఖం, చెవులు, చంకలు, పొట్ట అడుగు భాగం - ఎలర్జీ ఎక్కువగా కనిపించేది ఇక్కడే. తెల్లకుక్క అయితే అస్తమానం నాకే చోట బొచ్చు ఎర్రగా తుప్పు పట్టినట్టు మారుతుంది. అది ఉమ్ములోని రంగు. చెవులు మాటిమాటికీ చీముపట్టి వాసన వేయడం కూడా ఒక గుర్తే. చాలామంది చెవికి మందు వేసి ఊరుకుంటారు. నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది, ఎందుకంటే అసలు కారణం చెవిలో లేదు.

గోకగా గోకగా చర్మం చిట్లుతుంది. అక్కడ బాక్టీరియా, ఈస్టు చేరతాయి. వాటితో దురద రెట్టింపవుతుంది, ఒళ్ళు కంపు కొడుతుంది. అప్పుడే దానికి "గజ్జికుక్క" అని పేరు పెడతాం.

ముందు తేల్చుకోవలసినవి

అలాగని గజ్జి అనేది లేకపోలేదు. కంటికి కనిపించనంత చిన్న పురుగులు చర్మంలో సొరంగాలు తవ్వుకుని ఉండటం వల్ల గజ్జి వస్తుంది. ఎక్కువగా చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర మొదలవుతుంది. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకుంటుంది. దాన్ని పట్టుకునే మనిషికి కూడా కొన్నాళ్ళు దురద పెట్టవచ్చు. తామర కూడా అంటుకునేదే. అయితే ఈ రెండింటికీ మంచి మందులు ఉన్నాయి. పశువుల డాక్టరు చర్మాన్ని కొద్దిగా గీకి, సూక్ష్మదర్శినితో చూసి చెబుతారు. కాబట్టి గజ్జి నిజంగా ఉన్నా కుక్కని వెళ్ళగొట్టవలసిన పని లేదు, వైద్యం చేయిస్తే చాలు.

ఇంకొకటి ఫ్లీ అనే గెంతే పేను. ఇది గోమార్ల లాంటిది కాదు. గోమారు ఒకచోట పట్టుకుని రక్తం తాగి ఉబ్బుతుంది. ఫ్లీ సన్నగా, గోధుమరంగులో ఉండి, చెయ్యి పెట్టగానే గెంతి మాయమవుతుంది. దాని ఉమ్ము పడని కుక్కకి కొద్ది కాట్లే చాలు, రోజుల తరబడి దురద పెడుతుంది. ముఖ్యంగా తోక మొదట్లో, నడుము మీద బొచ్చు ఊడిపోతుంది.

ఫ్లీలు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి మీరే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. సన్నపళ్ళ దువ్వెనతో కుక్క నడుము మీద దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లకాగితం మీద వేయండి. మామూలు మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. నలుసు చుట్టూ ఎర్రటి గోధుమరంగు పాకిందా, అది ఫ్లీ రెట్ట. ఆ రంగు అది తాగిన కుక్క రక్తానిదే. ఫ్లీలు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. అవి ఉండగా మరే పరీక్ష చేసినా ఫలితం తేలదు.

ఈ పరీక్షలన్నీ మీ ఇంట్లో పెరిగే, మీకు మాలిమి అయిన కుక్క మీదే చేయాలి. వీధికుక్కల దగ్గర సొంతంగా ప్రయత్నించకండి. తెలియని కుక్క కరిస్తే, గీరితే, పుండు మీద నాకితే వెంటనే ఆ చోటు సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రేబిస్ వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది.

గోదావరి గాలిలో ఏముంది?

గజ్జి లేదు, తామర లేదు, ఫ్లీలు లేవు. అయినా గోకుతోంది. అప్పుడు చుట్టూ ఉన్న గాలినీ నేలనీ అనుమానించాలి.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 లో ఆనకట్ట పని మొదలై 1852 లో పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజి ఉంది. ఇక్కడి నుంచి కాలువలు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి నీళ్ళు తీసుకెళతాయి. సార్వా, దాళ్వా అని ఏటా రెండు వరి పంటలు పండుతాయి. ఒక పక్క నది, చుట్టూ కాలువలు, నీళ్ళు నిలిచిన చేలు, కొంత దూరంలో సముద్రం. దీని ఫలితమే ఈ గాలిలోని తేమ. వేసవిలో చెమట ఆరకపోవడానికీ, వానాకాలంలో బట్టలు ఎండకపోవడానికీ కారణం అదే.

ఈ తేమంటే ప్రాణం పెట్టే జీవి ఒకటుంది. అదే దుమ్ము పురుగు. దాని పొడవు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు. పరుపుల్లో, బొంతల్లో, గోనెసంచుల్లో ఉంటుంది. మన ఒంటి నుంచీ కుక్క ఒంటి నుంచీ రాలే చర్మపు పొట్టు తింటుంది. ఇది నీళ్ళు తాగదు. కావలసిన నీటిని గాలిలోని తేమ నుంచే పీల్చుకుంటుంది. గాలిలో సాపేక్ష తేమ నూటికి 50 కంటే తక్కువైతే క్రమంగా ఎండి చచ్చిపోతుంది. మన డెల్టాలో దానికి ఆ భయం తక్కువ! 1960 ల్లో హాలండులోని లైడెన్ నగరంలో శాస్త్రజ్ఞులు ఇంటిదుమ్ము ఎలర్జీకి ఈ పురుగే కారణమని చూపించారు. తర్వాత కుక్కల్లోనూ ప్రపంచమంతటా ముఖ్యమైన కారణాల్లో ఇదొకటని తేలింది. పురుగు కుట్టదు, కరవదు. దాని రెట్టలోనూ ఒంటి పెంకులోనూ ఉన్న మాంసకృత్తులే ఎలర్జీ కలిగిస్తాయి.

రెండోది పుప్పొడి. వినాయక చవితికి మీరు కోసుకొచ్చే గరిక చూశారు కదా! సన్నటి కాడ చివర చేతివేళ్ళలా విప్పుకునే కంకులే దాని పూలు. రంగూ వాసనా లేని ఈ పూలకి తుమ్మెదలతో పని లేదు, గాలే వాటి పుప్పొడిని మోస్తుంది. అందుకే అది గాలిలోకి విస్తారంగా వస్తుంది. గరిక పుప్పొడి మనుషులకీ కుక్కలకీ ఎలర్జీ కలిగించే వాటిలో పేరున్నది. గట్టు మీద మనం నడిస్తే గరిక మన మడమల దాకా వస్తుంది. కుక్కకి అది పొట్టకీ ముక్కుకీ తగులుతుంది. పాదాలూ పొట్టా ఎందుకు ఎర్రబడతాయో ఇప్పుడు అర్థమైందా?

రోడ్ల పక్కన తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ కూడా మీకు తెలుసు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపు మొక్కను మన దేశంలో 1955 లో పూనాలో గమనించారు. మనుషుల్లో చర్మం దురదకీ ఆయాసానికీ ఇది పేరుమోసింది. కుక్క బొచ్చుకి అంటి దాని పుప్పొడి ఇంట్లోకి వస్తే మీ ఇంట్లోవాళ్ళకి కూడా ఇబ్బందే. ఇవి కాక వానాకాలంలో గోడలకి పట్టే బూజు ఉండనే ఉంది.

గాలి, దుమ్ముల వల్ల వచ్చే ఎలర్జీ సాధారణంగా కుక్కకి ఆరు నెలలకీ మూడేళ్ళకీ మధ్య మొదలవుతుంది. పుప్పొడి అయితే కొన్ని నెలల్లోనే హెచ్చుతుంది. దుమ్ము పురుగు అయితే ఏడాది పొడుగునా ఉండవచ్చు.

తినే తిండే పడకపోతే?

తిండి ఎలర్జీకి ఋతువుతో పని లేదు. ఇక్కడ చాలామంది ఇలా అంటారు: "మా కుక్క ఈ తిండి ఏళ్ళ తరబడి తింటోంది. ఎలర్జీ ఉంటే ఎప్పుడో వచ్చేది కాదా?" నెప్ట్యూన్ కథ గుర్తు తెచ్చుకోండి. ముందు పరిచయం లేనిదే ఎలర్జీ రాదు. కాబట్టి అనుమానించవలసింది నిన్న పెట్టిన కొత్త వంటకాన్ని కాదు, రోజూ పెట్టే పాత తిండినే.

రాల్ఫ్ మ్యూలర్, తియెరీ ఒలివ్రీ, పాస్కల్ ప్రెలో అనే పశువైద్య శాస్త్రజ్ఞులు అప్పటిదాకా అచ్చయిన పరిశోధనలను కూడి 2016 లో ఒక లెక్క ప్రకటించారు. తిండి పడని 297 కుక్కల్లో నూటికి 34 కి గొడ్డుమాంసం, 17 కి పాల పదార్థాలు, 15 కి కోడిమాంసం, 13 కి గోధుమ కారణమయ్యాయి. కుక్కలకి ఎక్కువగా పెట్టేవే ఈ పట్టికలో ముందున్నాయని గమనించండి. మన ఇళ్ళలో కుక్క తినేది పెరుగన్నం, చేపల తలకాయలు, కోడి స్కిన్ను, బిస్కెట్లు. కాబట్టి ఇక్కడ కూడా అదే వరస ఉండాలని లేదు. మీ కుక్కకి ఏది పడదో మీ కుక్కే చెప్పాలి.

ఇక్కడ మూడు సంగతులు కలగాపులగం చేయకూడదు. పాలు తాగితే విరేచనాలయ్యే కుక్కలు ఉన్నాయి. పాలలోని చక్కెరను అరిగించుకోలేకపోవడం దానికి కారణం, అది ఎలర్జీ కాదు. ఉల్లిపాయలు వేసిన సాంబారూ పులుసూ పెడితే ఎర్ర రక్తకణాలు చితికి కుక్క జబ్బు పడుతుంది. చాకలెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా కుక్కలకి ప్రమాదం. అవి విషాలు. ఎలర్జీ ఉన్నా లేకపోయినా వాటిని ఏ కుక్కకీ పెట్టకూడదు.

ఎనిమిది వారాల ప్రయోగం

తిండి ఎలర్జీని రక్తపరీక్షతో నమ్మకంగా తేల్చడం ఇప్పటికీ సాధ్యం కాదు. దానికి తిరుగులేని పరీక్ష ఒక్కటే: అనుమానమున్న తిండి మాన్పించి చూడటం, మళ్ళీ పెట్టి చూడటం. ఈ ప్రయోగం మీరు కూడా చేయవచ్చు. అయితే ఏ తిండి పెట్టాలో పశువుల డాక్టరే నిర్ణయించాలి. ముఖ్యంగా ఎదిగే కుక్కపిల్లకి సున్నపు ధాతువు వగైరాలు తక్కువ కాకుండా చూడాలి.

మొదటి మెట్టు: కుక్క ఇంతవరకు ఏమేం తిన్నదో పట్టిక రాయండి. తల్లిదండ్రుల్ని, మామ్మని, తమ్ముణ్ణి, పక్కింటివాళ్ళని కూడా అడగండి. బిస్కెట్టు ముక్కలు ఎవరెవరు పెడుతున్నారో అప్పుడు బయటపడుతుంది!

రెండో మెట్టు: ఆ పట్టికలో లేని మాంసకృత్తు ఒకటి, లేని పిండి పదార్థం ఒకటి ఎంచాలి. ఎప్పుడూ మేకమాంసం తినని కుక్కకి మేకమాంసం, చిలగడదుంప సరిపోవచ్చు. ఉప్పు, కారం, నూనె, ఉల్లి లేకుండా ఉడికించాలి. దుకాణాల్లో ఇందుకోసమే తయారైన ఒక రకం తిండి కూడా ఉంటుంది. అందులో మాంసకృత్తులను చిన్నచిన్న ముక్కలుగా విడగొడతారు. తాళంచెవిని ముక్కలు చేస్తే తాళం తెరుచుకోనట్టే, ఆ ముక్కలను ఐజీ-ఇ చాలా వరకు పోల్చుకోలేదు.

మూడో మెట్టు: ఎనిమిది వారాలు ఆ తిండి, మంచినీళ్ళు తప్ప మరేదీ పెట్టకూడదు. ఎనిమిది వారాలే ఎందుకు? ఆ ముగ్గురు శాస్త్రజ్ఞులే 2015 లో వేసిన లెక్క ప్రకారం తిండి ఎలర్జీ ఉన్న కుక్కల్లో నూటికి 80 కి పైగా ఐదు వారాల్లో నెమ్మదించాయి. ఎనిమిది వారాలకి నూటికి 90 కి పైగా నెమ్మదించాయి. రెండు వారాలు చూసి "లాభం లేదు" అని మానేస్తే చేసిన శ్రమ వృథా. మధ్యలో మామ్మ జాలిపడి ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టినా లెక్క చెడుతుంది. అందుకని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

నాలుగో మెట్టు: రోజూ రాత్రి దురదకి మార్కు వేయండి. అసలు గోకకపోతే 0, నిద్ర కూడా పోకుండా గోకితే 10. తేదీ, మార్కు, నాకిన చోటు, స్నానం చేయించారా, వాన పడిందా - ఇవన్నీ ఒకే వరసలో రాయండి. మార్కు వేసేది ఎప్పుడూ ఒకరే అయి ఉండాలి.

ఐదో మెట్టు అన్నిటికంటే ముఖ్యం, చాలామంది వదిలేసేది కూడా ఇదే. కుక్క నెమ్మదించాక పాత తిండి మళ్ళీ పెట్టాలి. "బాగయింది కదా, మళ్ళీ బాధపెట్టడం ఎందుకు?" అంటారేమో. మీరు ప్రయోగం మే నెలలో మొదలుపెట్టి జూలైలో ఆపారనుకోండి. ఈలోగా వానలు వచ్చాయి, కాలువలకి నీళ్ళు వదిలారు, గాలిలో పుప్పొడి మారింది. దురద తగ్గింది తిండి మార్పు వల్లనా, ఋతువు మార్పు వల్లనా? మళ్ళీ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పాత తిండితో కొన్ని గంటల నుంచి రెండు వారాల లోపల దురద తిరిగి వచ్చి, మానేస్తే మళ్ళీ తగ్గితే, అప్పుడు దోషి దొరికినట్టు. ఆ తర్వాత కోడి, పాలు, గోధుమ, చేప - ఒక్కొక్కటి విడివిడిగా పెట్టి, అసలు ఏది పడదో తేల్చుకోవచ్చు. అప్పటి నుంచి అది ఒక్కటి మానేస్తే చాలు, మిగిలినవన్నీ కుక్క హాయిగా తినవచ్చు.

ఏర్లన్నీ కలిస్తేనే వరద

మీ ప్రయోగంలో దురద 8 నుంచి 3 కి దిగి, అక్కడే ఆగిపోయిందనుకోండి. అంటే ఏమిటి? ఒకే కుక్కకి తిండీ పడకపోవచ్చు, దుమ్మూ పడకపోవచ్చు.

గోదావరి వరద సంగతి తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 కి రెండోది, 17.75 కి మూడోది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి - ఎగువ నుంచి వచ్చే ఏర్లలో ఏ ఒక్కటో పొంగితే నీరు హెచ్చరిక దాకా రాకపోవచ్చు. అన్నీ ఒకేసారి పొంగితే లంకలు మునుగుతాయి. దురద కూడా అంతే. దుమ్ము పురుగు ఒక ఏరు, గరిక పుప్పొడి ఒక ఏరు, కోడిమాంసం ఒక ఏరు, నాలుగు ఫ్లీలు ఇంకొక ఏరు. వానల్ని మనం ఆపలేం, గాలిలో పుప్పొడినీ ఆపలేం. కాని మన చేతిలో ఉన్న ఏర్లకి అడ్డుకట్ట వేస్తే మొత్తం మట్టం హెచ్చరిక గీత కిందికి దిగుతుంది. ఎలర్జీని అదుపులో పెట్టడమంటే ఇదే.

మీరు వేయగల అడ్డుకట్టలు

కుక్క పడుకునే గోనెసంచి దుమ్ము పురుగులకి కాపురం. దాని బదులు ఉతకడానికి వీలైన నూలుగుడ్డ వేయండి. వారానికొకసారి, 60 డిగ్రీల వేడినీటిలో నానబెట్టి ఉతికితే పురుగులు చస్తాయి. వేడినీళ్ళు కాచేది, పోసేది మాత్రం పెద్దవాళ్ళు చేయాలి. తర్వాత మండుటెండలో కరకర ఎండనివ్వండి.

గట్టు మీద తిరిగి వచ్చాక పాదాలూ పొట్టా తడిగుడ్డతో తుడిచి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా ఆర్పండి. వారానికొకసారి స్నానం చేయిస్తే ఒంటికి పట్టిన పుప్పొడి, దుమ్ము పోతాయి. స్నానానికి మన సబ్బు వద్దు. మన చర్మానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. కుక్క చర్మం తటస్థానికి దగ్గర. అందుకని కుక్కల కోసం చేసిన షాంపూయే వాడాలి. పాత బియ్యపు నూకల్లో, పిండిలో కూడా దుమ్ము పురుగుల చుట్టాలు పుడతాయి. కాబట్టి కుక్క తిండిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పొడిగా ఉంచండి. ఫ్లీలకీ గోమార్లకీ ఏడాది పొడుగునా డాక్టరు చెప్పిన మందు వాడండి.

ఇవి చాలకపోతే మందులున్నాయి. స్టెరాయిడ్లు దురదని త్వరగా ఆపుతాయి. కాని చాలా కాలం వాడితే దాహం, ఆకలి పెరుగుతాయి, వ్యాధినిరోధక శక్తి తగ్గుతుంది. దురద కబురు మోసే రసాయనాన్నే అడ్డుకునే కొత్త మందులు కూడా వచ్చాయి. వాటిలో ఒక్లాసిటినిబ్‌కి 2013 లో అమెరికాలో అనుమతి లభించింది. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరే చెప్పాలి.

వేరొక మార్గం కాపలాదారుకి పాఠం చెప్పడం. పడని పదార్థాన్నే అతి కొద్దిగా మొదలుపెట్టి, నెలల తరబడి మోతాదు పెంచుతూ ఇస్తారు. శరీరం దానికి క్రమంగా అలవాటు పడుతుంది. 1911 లో ఇంగ్లండులో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మనుషుల మీద దీన్ని చేసి చూపాడు. 1941 లో అమెరికాలో విట్టిచ్ అనే డాక్టరు పుప్పొడి పడని ఒక కుక్క మీద ఇదే పద్ధతి ప్రయోగించాడు. ఈ వైద్యం ఇప్పటికీ ఉంది. అన్ని కుక్కలకీ గుణం ఇవ్వదు, ఇచ్చిన వాటికి ఏళ్ళ తరబడి మేలు చేస్తుంది.

చేయకూడనివి

కొందరు కుక్క ఒంటికి కాలిన ఇంజనాయిలు పూస్తారు, కిరసనాయిలు రాస్తారు. దురద తగ్గినట్టు కనిపించేది మంట వల్ల. పైగా కుక్క దాన్ని నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది. మనం వాడే జలుబు మాత్రలు, నొప్పి మాత్రలు కూడా పెట్టకండి. వాటిలో కొన్ని కుక్క ప్రాణానికే ముప్పు.

తేనెటీగ కుట్టాక గాని, ఏదైనా తిన్నాక గాని, మందు వేశాక గాని కుక్క ముఖం ఉబ్బి, వాంతులై, తూలి పడిపోతే అది నెప్ట్యూన్‌కి వచ్చిన లాంటి స్థితి. అప్పుడు నోటుబుక్కు పక్కన పెట్టి, క్షణం ఆలస్యం చేయకుండా పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మిగిలిన రోజుల్లో నోటుబుక్కు విడవకండి. ఎనిమిది వారాల మార్కులను గ్రాఫు కాగితం మీద వేయండి: అడ్డంగా రోజులు, నిలువుగా మార్కులు. తిండి మార్చిన రోజు దగ్గర ఒక గీత, మళ్ళీ పెట్టిన రోజు దగ్గర మరో గీత గీయండి. ఆ కాగితం డాక్టరుకి చూపితే "ఎప్పటి నుంచి గోకుతోంది? ఏం పెడుతున్నారు?" అనే ప్రశ్నలకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మీ వీధిలో ఎవరైనా తమ కుక్కని "గజ్జికుక్క" అని వదిలేయబోతుంటే, ముందు ఒకసారి చర్మం పరీక్ష చేయించమని చెప్పండి. ఆ తర్వాత మీ గ్రాఫు చూపించండి.